మూడో ఆల్జీబ్రా కోర్సు కొనే ముందు ఒక తెల్లకాగితం, పది లెక్కలు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకి పద్నాలుగు నిండాయి. ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించి మధురవాడలో ఇంటి దగ్గరే చదివిస్తున్నారు. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు బాగానే నడుస్తున్నాయి, లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఏడుపు. ఏడాదిన్నరలో రెండు కోర్సులు అయ్యాయి. మొదటిది అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు పంపిన శాక్సన్ ఆల్జీబ్రా, రెండోది కంప్యూటరే పాఠం చెప్పి కంప్యూటరే దిద్దే టీచింగ్ టెక్స్ట్‌బుక్స్. రెండూ మూడో నెలలోనే ఆగిపోయాయి. మీవారు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కూర్చోబెడితే అరగంటలో తండ్రీకూతుళ్లిద్దరూ అలిగి లేస్తున్నారు. ఇవేవీ కాదు, ద్వారకానగర్లో ఫౌండేషన్ కోచింగ్‌లో వేసేద్దాం అని ఆయన, మూడో కోర్సు ఏది కొనాలి అని మీరు.

నా గురించి ఒక్క ముక్క. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే బడికి వెళ్లని పిల్లలకి, బడికి వెళ్తూ కూడా లెక్కలు రాని పిల్లలకి చెబుతున్నాను. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు తమ పుస్తకాలు పట్టుకునే వస్తారు కాబట్టి మీరు చెప్పిన రెండూ నేను తిరగేసినవే.

మూడోది ఇప్పుడే కొనకండి. రెండు వేరువేరు కోర్సులు ఒకే చోట ఆగాయంటే గొడవ కోర్సులో ఉండకపోవచ్చు. ఆల్జీబ్రా రావట్లేదని నా దగ్గరికి తీసుకొచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఆల్జీబ్రాతో పేచీ ఏమీ లేదు. అయిదో తరగతిలోనో ఆరులోనో ఒక మెట్టు విరిగింది. ఎక్స్ వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, అంతే. మీ పాప బడి మానింది సరిగ్గా ఆరో తరగతి మధ్యలో అన్నారు. భిన్నాలు, రుణ సంఖ్యలు, అక్షరాలతో లెక్కలు అన్నీ ముసురుకునేది ఆ ఏడాదే. ఏ కొత్త పుస్తకమైనా ఆ విరిగిన మెట్టు మీదే నిలబెట్టి పైకి ఎక్కమంటుంది.

ముందు ఆ మెట్టు ఏదో చూడాలి. ఈ ఆదివారం టిఫిన్లయ్యాక ఒక తెల్లకాగితం మీద ఈ పదీ రాసివ్వండి. టైం పెట్టవద్దు, పరీక్ష అనే మాట ఎత్తవద్దు.

8 + 4 = □ + 5
20 − 3 × 4
−7 + 3
5 − (−2)
2/3, 3/5 లలో ఏది పెద్దది?
1/2 + 1/3
56 ÷ 8
క విలువ 5 అయితే 2క + 3 ఎంత?
3క = 12 అయితే క ఎంత?
ఒక్కో ఆటోలో ఆరుగురు ఎక్కారు. ఆటోల సంఖ్య అ, మనుషుల సంఖ్య మ. రెండింటికీ ఉన్న సంబంధం రాయి.

మార్కులు వేయకండి, ఎర్రపెన్ను తీయకండి. ఒక్కో లెక్క దగ్గరా "ఇది ఎలా చేశావో చెప్పు" అని అడిగి, పాప చెప్పింది చెప్పినట్టు పక్కన రాసుకోండి. సరిగ్గా చేసినవాటికి కూడా అడగాలి. సరైన జవాబు వెనక తప్పు దారి దాక్కోవడం లెక్కల్లో మామూలే.

మొదటి లెక్కలో పెట్టెలో 12 రాస్తే కంగారు పడకండి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా రాస్తారు. కొందరు 12 రాసి, పక్కనే ఇంకో = పెట్టి 17 కూడా రాస్తారు. ఒకటో తరగతి నుంచి వాళ్లు చూసిందల్లా ఎడమ పక్కన లెక్క, కుడి పక్కన ఖాళీ. కాలిక్యులేటర్లోనూ అంతే, ఆ మీట నొక్కితే జవాబు వస్తుంది. అందుకని వాళ్లకి = గుర్తు అంటే "జవాబు చెప్పు" అనే ఆర్డర్. రెండు పక్కలా బరువు సమానం అనే అర్థం వాళ్ల చెవిన పడనే లేదు. అలాంటి పిల్ల ముందు 3క + 5 = క + 11 పెట్టి సాధించమంటే ఏం చేస్తుంది? రెండు పక్కలా లెక్కే ఉంది, జవాబు ఎక్కడుందో తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సర్వీసులో చాలా ఏళ్లు నేను పక్షాంతరం, అంటే = గుర్తుకి ఒక పక్కనున్నదాన్ని రెండో పక్కకి పంపడం, ఇలా చెప్పాను: "పక్షం మారితే గుర్తు మారుతుంది." పిల్లలు కోరస్‌గా చెప్పేవారు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. ఒకరోజు ఒక కుర్రాడు బోర్డు మీద 3క = 12 కి క = 12 − 3 = 9 అని రాశాడు. ఎందుకురా అంటే, "మూడుకి ముందు ఏ గుర్తూ లేదు కదా టీచర్, అంటే ప్లస్సే. అటు వెళ్తే మైనస్ అవుతుందని మీరే చెప్పారు" అన్నాడు. వాడు నా మాటని తు.చ. తప్పకుండా పాటించాడు. 3కి, క కి మధ్య కనపడకుండా కూర్చున్న గుణకారం గురించి నేనే ఎప్పుడూ నిలబడి చెప్పలేదు. ఆ రోజు నుంచి, సమీకరణం బాగా అలవాటయ్యేదాకా పక్షాంతరం అనే మాటే ఎత్తను. మీరు చూసే ఏ పుస్తకమైనా, వీడియో అయినా మొదటి పాఠంలోనే "అటు పంపిస్తే గుర్తు మారుతుంది" అంటే మూసేయండి. పుస్తకం ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న మొదటి పరీక్ష అదే.

దాని బదులు తక్కెడ. రైతుబజార్లో ఇప్పుడు అందరివీ ఎలక్ట్రానిక్ కాటాలే. ఈ కాలం పిల్లలు రెండు పళ్లాల త్రాసుని బొమ్మలో తప్ప చూడటం లేదు. పూర్ణా మార్కెట్ వైపు సామాన్ల కొట్లలో అడిగి చిన్నది ఒకటి తెచ్చుకోండి. అగ్గిపెట్టెలు ఆరు, ఒకే రకం రూపాయి బిళ్లలు ఓ నలభై చాలు. చింతపిక్కలతో చేద్దామనుకుంటారేమో, ఒక్కోటి ఒక్కో బరువుంటుంది, కుదరదు. పాప చూడకుండా మూడు పెట్టెల్లో అయిదేసి బిళ్లలు పెట్టి మూసేయండి. ఎడమ పళ్లెంలో ఆ మూడు పెట్టెలు, వాటి పక్కన విడిగా అయిదు బిళ్లలు. కుడి పళ్లెంలో ఇరవై బిళ్లలు, మూడు ఖాళీ పెట్టెలు. ఖాళీ పెట్టెలు ఎందుకంటే పెట్టె బరువు లెక్కలోకి రాకూడదు. మొదటిసారి నేను ఇది మర్చిపోయి, తక్కెడ ఒక పక్కకి ఒరిగిపోతే పిల్లల ముందు నవ్వులపాలయ్యాను.

ఇప్పుడు పాపని అడగండి: పెట్టె తెరవకుండా ఒక్కో దాంట్లో ఎన్ని ఉన్నాయో చెప్పాలి, తక్కెడ ఒరగకూడదు. కాసేపు ఊరుకోండి. చాలామంది పిల్లలు ముందు ఎడమ పళ్లెంలో విడిగా ఉన్న బిళ్లలు తీస్తారు. తక్కెడ ఒరుగుతుంది. వెంటనే కుడి పక్కనుంచి కూడా అయిదు తీస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆపైన మిగిలిన పదిహేను బిళ్లల్ని మూడు కుప్పలు పెడతారు. 3క + 5 = 20 సాధించేశారన్నమాట, కాగితం ముట్టకుండా. రెండు వారాలు ఇలాగే ఆడనివ్వండి. తర్వాత చేసిందే కాగితం మీద ఒక్కో వరసగా రాయించండి. మూడు పెట్టెల్ని మూడు కుప్పలతో సరిపెట్టిన చెయ్యి 3క = 12 దగ్గర 9 రాయదు.

రుణ సంఖ్యలకి వస్తే మన భాష మనకి చేసిన మేలు ఒకటుంది. ఇంగ్లీషులో నెగెటివ్ అంటే పిల్లకి ఏ బొమ్మా కనపడదు. తెలుగులో ఆ సంఖ్య పేరే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యల కూడికలకీ తీసివేతలకీ సూత్రాలు రాసినప్పుడు ధనం, రుణం అనే మాటలే వాడాడు. సున్నాలోంచి రుణాన్ని తీసేస్తే ధనం అవుతుందన్నది అందులోదే. 5 − (−2) ఇలా అడగండి: చేతిలో 7 రూపాయలున్నాయి, కిరాణా కొట్లో 2 బాకీ, అంటే నిజానికి నీది ఎంత? 5. కొట్టు ఆయన ఆ బాకీ కొట్టేశాడు, ఇప్పుడు నీది ఎంత? "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అనే పాట మాత్రం నేర్పకండి. అది నేర్చుకున్న పిల్లలే −7 − 3 కి 10 అని రాస్తారు.

కూడికా తీసివేతా అప్పులతో అయిపోతాయి. గుణకారానికి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లండి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ లోపల ఒక గంట తిరిగి, బయట మొక్కజొన్న పొత్తు తింటూ అడగండి: సబ్‌మెరైన్ నిమిషానికి 3 మీటర్ల చొప్పున కిందికి దిగుతోంది. 4 నిమిషాల కిందట ఎక్కడుంది? ఇప్పుడున్న చోటికి 12 మీటర్ల పైన. దిగడం −3, కిందటి నిమిషాలు −4, గుణిస్తే +12. ఇంతకంటే తేలికగా చెప్పే దారి నాకు ఇంతవరకు దొరకలేదు.

భిన్నాల మీద ఎక్కువ రాయను. 1/2 + 1/3 కి పాప 2/5 అని రాస్తే ఆల్జీబ్రా ఒక నెల పక్కన పెట్టేసి అవే చేయించండి, అంతకు మించి దారి లేదు. సగం అట్టులో ఇంకో మూడోవంతు అట్టు కలిపితే సగం కంటే తగ్గిపోయిందా అని అడిగితే తనకే నవ్వొస్తుంది. 2/5 సగం కంటే చిన్నది కదా. క.సా.గు. ఆ తర్వాత.

ఇక అక్షరం. ఎక్స్ అనగానే జడుసుకునే పిల్లలకి మొదటి నెల నేను ఎక్స్ వాడను, పైన రాసినట్టు క వాడతాను. ఇదేదో నా సొంత తెలివి అనుకోకండి. పన్నెండో శతాబ్దంలో బీజగణితం రాసిన భాస్కరాచార్యుడు తెలియని రాశులకి యా, కా, నీ అనే వాడాడు. యావత్తావత్ అంటే "ఎంతో అంత", తర్వాతవి కాలక, నీలక అని రంగుల పేర్లు. ఒక నెల క తో తిరిగాక ఎక్స్ కూడా అలాంటి అక్షరమే అని పిల్లలే తేల్చుకుంటారు.

అక్షరం దగ్గర ఇంకో గొయ్యి ఉంది, మంచి మంచి టీచర్లు కూడా పిల్లల్ని తెలియకుండా అందులోకి తోసేస్తారు. "వ అంటే వంకాయలు, ట అంటే టమాటాలు, 3వ + 2ట ని కలపలేం, కూరగాయలు వేరు కదా" అని చెబుతారు. వినడానికి బాగుంటుంది, సజాతి పదాలు ఆ రోజుకి వచ్చేస్తాయి. మర్నాడు 3వ × 2ట వస్తుంది. మూడు వంకాయల్ని రెండు టమాటాలతో గుణించడమేమిటి? అక్షరం ఎప్పుడూ సంఖ్యే. వంకాయల సంఖ్య, వంకాయల ధర, వంకాయల బరువు, వీటిలో ఏదైనా కావచ్చు. వంకాయ మాత్రం కాదు. ఆటో లెక్క ఇచ్చింది ఇందుకే. "ఒక ఆటోకి ఆరుగురు" అని చదివిన వరసలోనే అ = 6మ అని రాసేస్తారు. తప్పని చెప్పకండి. "సరే, ఆటోలు 2 అనుకో, మనుషులెంతమంది?" అనండి. 12 అంటుంది. "నువ్వు రాసినదాంట్లో పెట్టి చూడు" అనండి. 2 = 72 చూసి తనే కొట్టేసి మ = 6అ రాస్తుంది. రాసిన ప్రతిదాన్నీ సంఖ్యలు పెట్టి సరిచూసుకునే ఈ అలవాటు ఒక్కటి వస్తే సగం టెన్షన్ పోతుంది. జవాబు తప్పో ఒప్పో ఇంకొకరు చెప్పేదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చోవాల్సిన పని ఉండదు కదా.

ఇప్పుడు మీరు అడిగిన కోర్సు. కోర్సు కంటే ముందు తేల్చుకోవాల్సింది పాప ఏ పరీక్ష రాస్తుందన్నది. మీరు ఆ మాటే రాయలేదు. బడికి వెళ్లని పిల్లలకి మన దగ్గర ఎక్కువగా వాడే దారి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదో తరగతి. పద్నాలుగేళ్లు నిండితే రిజిస్టర్ చేయించవచ్చు. అయిదు సబ్జెక్టులు కావాలి, లెక్కలు తప్పనిసరి కాదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే లోనూ అక్టోబరు–నవంబరు లోనూ. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. తెలుగు మీడియంలో కూడా రాయవచ్చు.

దీని అర్థం చూశారా? అన్నీ ఒకేసారి రాయాలన్న రూలు లేదు. వచ్చే విడతలో తెలుగు, ఇంగ్లీషు, సైన్సు రాయించేసి, లెక్కలు ఏడాదిన్నర తర్వాత తీరిగ్గా రాయించవచ్చు. బడి పిల్లలకి లేని ఈ వెసులుబాటు మీకుంది. దాన్ని వాడుకోకుండా "తోటి పిల్లలు తొమ్మిదికి వచ్చేశారు" అని పరుగెడితే ఇంటి చదువు పెట్టి లాభమేముంది? లెక్కలు తీసేయడానికి వీలున్నా, తీసేయమని మాత్రం నేను చెప్పను. రేపు పాప మనసు మారి పాలిటెక్నిక్ అందనుకోండి, పాలీసెట్‌లో 120 ప్రశ్నలకి 50 లెక్కలవే. పద్నాలుగేళ్లకే ఆ తలుపు మూసేయడం నాకిష్టం లేదు. పదహారో ఏట, బాగా ప్రయత్నించి చూశాక మూసుకుంటే అది వేరు.

ఎన్‌ఐఓఎస్ పదో తరగతి గణితంలో బీజగణితం ఏడు పాఠాలు: సంఖ్యావ్యవస్థ, ఘాతాంకాలు–కరణులు, బీజీయ సమాసాలు–బహుపదులు, ప్రత్యేక లబ్ధాలు–కారణాంక విభజన, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, అంకశ్రేఢులు. ఆ తర్వాత వాణిజ్య గణితం, జ్యామితి, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యక శాస్త్రం. పాపకి చివరికి కావాల్సింది ఇది.

అమెరికా పుస్తకాలతో అసలు చిక్కు ఇక్కడ బయటపడుతుంది. అక్కడ ఆల్జీబ్రా 1 అంటే ఏడాది పొడుగునా ఒక్క ఆల్జీబ్రానే. సాధారణంగా తర్వాతి ఏడాది జామెట్రీ, ఆ పైన ఆల్జీబ్రా 2. మన దగ్గర ఆరు నుంచి పది దాకా ప్రతి ఏడూ కాస్త ఆల్జీబ్రా, కాస్త జ్యామితి, కాస్త వ్యాపార లెక్కలు కలిపి వడ్డిస్తారు. అక్కడి ఆల్జీబ్రా 1 పుస్తకంలో అసమానతలు, ప్రమేయాలు, పరమమూల్యం ఎక్కువగా ఉంటాయి, మన పదో తరగతికి అవి పెద్దగా అక్కర్లేదు. మన పదో తరగతిలో తప్పక అడిగే అంకశ్రేఢి అక్కడ అంత ప్రధానం కాదు. పుస్తకం చెడ్డదని కాదు, రైలు మంచిదే, మీ ఊరు వెళ్లదు. దానికి తోడు డాలర్లలో ధర, పోస్టేజీ, లెక్కల నిండా అడుగులు, అంగుళాలు, గ్యాలన్లు.

అయినా అడిగారు కాబట్టి ఒక్కోదాని మీద నా అభిప్రాయం. శాక్సన్‌లో కొత్త విషయం చిటికెడు, పాఠం చివర ముప్పై దాకా పాతవీ కొత్తవీ కలగాపులగంగా లెక్కలు. నేర్చుకున్నది మర్చిపోయే పిల్లలకి చాలా మంచి పద్ధతి. అడుగున ఒక మెట్టు విరిగిన పిల్లకి మాత్రం నరకం. ఆ ముప్పైలో భిన్నాలవీ మైనస్‌లవీ రోజూ ఏడెనిమిది తప్పుతాయి, తనకి తెలిసేదల్లా "ఈరోజు కూడా తప్పాయి" అని. టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ ఓపిగ్గా చెబుతుంది, తల్లిదండ్రులకి తీరిక మిగులుతుంది. దాని లోపమూ అదే. అది జవాబు చూస్తుంది, పాప రఫ్ పుస్తకంలో ఏం గీసిందో ఎవరూ చూడరు. మ్యాథ్ యు సీ లో దిమ్మెలతో చేయించి చూపిస్తారు, ఒక్కో మెట్టు పూర్తయ్యాకే పైకి. మీ పాపలాంటి పిల్లలకి అమెరికా వాటిలో నాకు నచ్చేది అదీ, కీ టు ఆల్జీబ్రా అనే పది పల్చటి వర్క్‌బుక్కుల సెట్టూ. రెండోదాంట్లో పేజీకి మాటలు తక్కువ, ఖాళీ ఎక్కువ, భయపెట్టదు. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లం సాల్వింగ్ గొప్ప పుస్తకాలే, లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకి. ఇప్పుడు మీ ఇంట్లోకి వద్దు.

నన్ను అడిగితే డబ్బు పెట్టవద్దంటాను. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవి తెచ్చుకోండి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో బీజగణితం పాఠాలు మాత్రమే వరసగా చేయించండి. ఆరు నుంచి మొదలుపెట్టారని తెలిస్తే పాప చిన్నబుచ్చుకుంటుంది కాబట్టి ప్రింట్ తీసి, తరగతి అంకె లేకుండా ఒకే ఫైల్లో కుట్టించండి. ఈ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే తెలుగు. మీ పాపకి ఇది బంగారం. మాటల లెక్క ఒకటి ఇంగ్లీషు పేజీలో చదివించండి, రాకపోతే తెలుగు పేజీ తిప్పండి. తెలుగులో చదవగానే చేసేసిందంటే అక్కడ అడ్డం పడింది లెక్క కాదు, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఏడాదిన్నర అమెరికా ఇంగ్లీషులో లెక్కలు చదివిన పిల్ల కదా, ఇది తేలడం ముఖ్యం.

దాంతోపాటు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2025లో ఏడో తరగతికి తెచ్చిన గణిత ప్రకాశ్‌లో సంఖ్యల బదులు అక్షరాలు వాడే పాఠం ఒకటుంది. అదొక్కటి తప్పకుండా చేయించండి, తొందర లేకుండా నడుస్తుంది. ఎనిమిది అయ్యాక నేరుగా ఎన్‌ఐఓఎస్ పుస్తకంలోకి. ఖాన్ అకాడమీ అభ్యాసాలు ఉచితం, కానీ ఒక వీడియో తర్వాత ఒక వీడియో చూడనివ్వకండి, కాగితంలో దొరికిన లోపానికి మాత్రమే వాడండి. గ్రాఫులు వచ్చేసరికి, నెట్‌లో గ్రాఫులు గీసిపెట్టే డెస్మాస్‌లో గీసి చూడమనండి, పిల్లలకి భలే ఇష్టం.

రోజుకి ముప్పై అయిదు నిమిషాలు, వారానికి అయిదు రోజులు. అంతకు మించి వద్దు. మొదటి పది నిమిషాలు నోటితో పాతవి, కాగితం లేకుండా, వంటింట్లో మీరు కూరలు తరుగుతున్నా సరే. తర్వాత కొత్తది. లెక్కలు అయిదే. అయిదో లెక్క పాప తయారుచేసి మీకివ్వాలి. మీరు చేయాలి, అప్పుడప్పుడు కావాలని తప్పు చేయాలి. తల్లి తప్పు పట్టుకున్నప్పుడు పిల్ల మొహం చూడండి ఒకసారి. ముప్పై అయిదు నిమిషాలయ్యాక లెక్క సగంలో ఉన్నా ఆపేయండి. సగంలో ఆగింది మర్నాడు తనే అడుగుతుంది.

మీవారి సంగతి. ఆయన్ని తప్పుపట్టను. లెక్కలు బాగా వచ్చినవాళ్లకి రానివాళ్ల కష్టం కనపడదు, అందుకే అరగంటలో గొంతు పెరుగుతుంది. సమీకరణాల జోలికి రావద్దని చెప్పి, ఆయనకి వేరే పని అప్పజెప్పండి. కరెంటు బిల్లు, స్కూటీ పెట్రోలు, అరకు వెళ్తే ఎంతవుతుంది లాంటివి ఆదివారం పాపతో కలిసి లెక్కేయమనండి. "నెలకి ఇంత కట్టి తీరాలి, ఆపైన యూనిట్‌కి ఇంత" అన్నది రేఖీయ సమీకరణమే, పేరు చెప్పక్కర్లేదు. ఫౌండేషన్ కోచింగ్ మాత్రం వద్దు. అవి ముందున్న పిల్లల్ని ఇంకా ముందుకు తోయడానికి పెట్టినవి. అలాంటి చోట ఏడాది చదివి నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి నోట్సులో వర్గ సమీకరణం సూత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. −7 + 3 అడిగితే −10 అన్నాడు.

ఇంకొకటి, భయపెట్టడానికి చెప్పడం లేదు. మూడు నెలలు ఇలా చేశాక కూడా చిన్న కూడికలకి వేళ్లే లెక్కపెడుతుంటే, ముళ్ల గడియారం చూడటం, కొట్లో చిల్లర లెక్కపెట్టడం కష్టంగా ఉంటే డిస్కాల్కులియా, అంటే అంకెలు, లెక్కలు పట్టుబడని ఇబ్బంది, ఉందేమో చూపించండి. అది బద్ధకమూ కాదు, తెలివి తక్కువా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దీన్ని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. మూడు నెలలు కాకుండా మాత్రం ఆ పేరు పాప ముందు ఎత్తకండి.

ఆ పది లెక్కల కాగితం అయ్యాక ఇక్కడే రాయండి. పాప పేరు వద్దు, ఎన్ని ఒప్పో కూడా నాకక్కర్లేదు. "ఎలా చేశావు" అన్నదానికి తను చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే, ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలో చెబుతాను. శాక్సన్ పుస్తకం అమ్మేయకండి. రేఖీయ సమీకరణాలు అయ్యాక రోజుకి అయిదు లెక్కలు దాంట్లోంచే ఏరి ఇద్దురుగాని.